సీ టైప్ కేబుల్ కొనే ముందు యూఎస్‌బీ పేర్లను చదవడం ఎలా

ఒకే రంగు, ఒకే పొడవు, రెండు కొసలకూ అదే సీ టైప్ పిన్ను ఉన్న రెండు కేబుళ్లను పక్కపక్కన పెడితే, వాటిలో ఏది సెకనుకు 480 మెగాబిట్లకు మించి డేటాను పంపలేదో, ఏది 40 గిగాబిట్ల దాకా పంపగలదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ రెండింటి మధ్య తేడా ఎనభై రెట్ల పైమాటే. పోనీ డబ్బా మీద రాసిన పేరు చదివి తెలుసుకుందామంటే, యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 అని మూడు చోట్ల మూడు రకాలుగా రాసి ఉంటుంది. జెన్ అంటే తరం. ఆ మూడూ ఒకటేనన్న సంగతి మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

ఈ చిక్కు వల్ల నష్టపోయేది కొనుగోలుదారే. వేలు పోసి ఫైళ్లు దాచుకునే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ కొని, దాన్ని ఫోన్ ఛార్జింగు కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫైళ్లు నత్తనడక నడుస్తుంటే వస్తువు బాగా లేదనుకుని తిప్పి పంపేవారు ఉన్నారు. ల్యాప్‌టాప్‌కు సీ టైప్ పోర్టు ఉంది కదా అని సీ టైప్ మానిటర్ కొంటే, తెర మీద బొమ్మే రాక తల పట్టుకునేవారు ఉన్నారు. కింద చెప్పిన వరుసలో చూసుకుంటూ వెళ్తే కేబుల్, ఛార్జర్, ఎస్‌ఎస్‌డీ, ల్యాప్‌టాప్ వీటిలో ఏది కొంటున్నా మీకు కావలసింది సరిగ్గా దొరుకుతుంది. మొదలుపెట్టే ముందు మీ ల్యాప్‌టాప్ లేదా ఫోన్ పూర్తి మోడల్ నంబరును ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగో మెట్టులో దానితో పని పడుతుంది.

మొదటి మెట్టు: ఆకారాన్ని, వేగాన్ని, కరెంటును, వీడియోను విడదీయండి

సీ టైప్ అన్నది పిన్ను ఆకారానికి పెట్టిన పేరు మాత్రమే. 2014లో ఖరారైన ఈ పిన్నులో 24 కాంటాక్టులు ఉంటాయి. దాన్ని ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. అయితే ఆ కాంటాక్టులన్నింటికీ కేబుల్ లోపల తీగలు ఉండి తీరాలన్న నియమం లేదు. ఫోన్ ఛార్జింగు కోసం చేసే కేబుల్‌లో కరెంటు తీగలు, పాత యూఎస్‌బీ 2.0 డేటా తీగల జత, ఎంత కరెంటు కావాలో రెండు పరికరాలూ మాట్లాడుకునేందుకు ఒక తీగ ఉంటే సరిపోతుంది. వేగంగా డేటా పంపే జతలు వేయకపోతే కేబుల్ సన్నగా, మెత్తగా, చవకగా వస్తుంది కాబట్టి తయారీదారులు సాధారణంగా వాటిని వేయరు.

పోర్టుల సంగతీ ఇంతే. 2023లో వచ్చిన ఐఫోన్ 15కూ, ఐఫోన్ 15 ప్రోకూ ఉన్నది ఒకే ఆకారపు సీ టైప్ పోర్టు. మొదటి ఫోన్ డేటా వేగం మాత్రం 2000వ సంవత్సరంలో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగమే, అంటే 480 మెగాబిట్లు. రెండోదాని వేగం 10 గిగాబిట్లు. పైగా ప్రో డబ్బాలో ఇచ్చే కేబుల్ కూడా 480 మెగాబిట్లదే కాబట్టి, ఆ ఫోన్‌లో తీసిన భారీ వీడియోలను త్వరగా కంప్యూటర్‌లోకి దించుకోవాలనుకునేవారు వేరే కేబుల్ కొనుక్కోవలసిందే.

అందువల్ల కొనబోయే ప్రతి వస్తువు గురించీ నాలుగు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. పిన్ను ఏ ఆకారం? డేటా సెకనుకు ఎన్ని గిగాబిట్లు? కరెంటు ఎన్ని వాట్లు? వీడియో వెళ్తుందా, వెళ్లదా? వీటిలో ఒకదానికి దొరికిన జవాబు మరొకదానికి పనికిరాదు. సీ టైప్ కాబట్టి వేగంగా ఉంటుందనీ, 240 వాట్ల కేబుల్ కాబట్టి డేటా కూడా దూసుకుపోతుందనీ అనుకోవడం దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. నిజానికి మార్కెట్లో దొరికే 240 వాట్ల ఛార్జింగు కేబుళ్లలో చాలావాటి డేటా వేగం 480 మెగాబిట్లే.

రెండో మెట్టు: వెర్షన్ నంబరును వదిలేసి గిగాబిట్ల అంకెను పట్టుకోండి

ఈ పేర్లు ఇలా ఎందుకు తయారయ్యాయో తెలిస్తే వాటిని చదవడం తేలికవుతుంది. 2008 నవంబరులో 5 గిగాబిట్ల వేగంతో యూఎస్‌బీ 3.0 వచ్చింది; దానికే సూపర్‌స్పీడ్ అని కూడా పేరు. 2013లో 10 గిగాబిట్ల వేగంతో 3.1 వచ్చినప్పుడు, పాత 3.0ను పక్కన పెట్టకుండా కొత్త ప్రమాణంలోనే కలిపేసి, పాతదానికి 3.1 జెన్ 1 అనీ కొత్తదానికి 3.1 జెన్ 2 అనీ పేర్లు పెట్టారు. 2017లో 3.2 వచ్చినప్పుడు మళ్లీ అదే పని చేశారు: 5 గిగాబిట్లది 3.2 జెన్ 1, 10 గిగాబిట్లది 3.2 జెన్ 2 అయ్యాయి. రెండు దారుల్లో ఒకేసారి డేటాను పంపి 20 గిగాబిట్లు అందుకునే కొత్త పద్ధతికి 3.2 జెన్ 2×2 అని పేరు వచ్చింది. ఆ విధంగా 2008 నాటి 5 గిగాబిట్ల పోర్టు, వేగంలో ఏ మార్పూ లేకుండానే, తొమ్మిదేళ్లలో మూడు పేర్లు మార్చుకుంది.

యూఎస్‌బీ ప్రమాణాలను నిర్వహించే సంస్థ పేరు యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరమ్. వెర్షన్ నంబర్లు ఇంజినీర్లు చదివే పత్రాలకు పెట్టినవనీ, డబ్బాల మీద వేరే పేర్లు వాడాలనీ ఆ సంస్థ తయారీదారులకు చెబుతూనే వచ్చింది. కానీ 3.2 అన్న అంకె 3.0 కన్నా కొత్తగా కనబడుతుంది కాబట్టి, 5 గిగాబిట్ల వస్తువు మీద కూడా తయారీదారులు దాన్నే పెద్ద అక్షరాల్లో వేసుకున్నారు. వెనక్కి లాగి పాతదానికి కొత్త పేరు పెట్టే పద్ధతి మొదలుపెట్టిన రోజే ఈ ఫలితం ఊహించవలసింది. తప్పు మొదట అక్కడే జరిగిందని నా అభిప్రాయం.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కూడా కాదు. 1998 నాటి యూఎస్‌బీ 1.1లో 12 మెగాబిట్ల వేగాన్ని ఫుల్ స్పీడ్ అనేవారు. తర్వాత 2.0లో 480 మెగాబిట్ల వేగానికి హై స్పీడ్ అన్నారు. వినడానికి ఫుల్ స్పీడ్ అంటేనే ఎక్కువ అనిపిస్తుంది గానీ, హై స్పీడ్ దానికి నలభై రెట్లు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం పాత వేగాన్ని కూడా తనలో కలుపుకోవడంతో, 12 మెగాబిట్ల వస్తువు మీద యూఎస్‌బీ 2.0 ఫుల్ స్పీడ్ అని రాసి అమ్మడానికి అప్పట్లోనే వీలు చిక్కింది.

2019లో యూఎస్‌బీ4 వచ్చింది. దీన్ని పాటించే పరికరానికి 20 గిగాబిట్లు తప్పనిసరి, 40 గిగాబిట్లు ఐచ్ఛికం. కాబట్టి యూఎస్‌బీ4 అని మాత్రమే రాసి ఉంటే ఆ రెండింటిలో ఏదైనా కావచ్చు. 2022లో దీనికి 80 గిగాబిట్ల కొత్త రూపం వచ్చి, యూఎస్‌బీ4 వెర్షన్ 2.0 అని పేరు పెట్టుకుంది. తొందరలో చదివేవారికి అందులో యూఎస్‌బీ 2.0యే కనబడే ప్రమాదం ఉంది. అదే 2022లో ఆ సంస్థ ఒక మంచి పని చేసింది: డబ్బాల మీద సూపర్‌స్పీడ్ వంటి మాటలు మానేసి, యూఎస్‌బీ 5 జీబీపీఎస్, 10 జీబీపీఎస్, 20 జీబీపీఎస్, 40 జీబీపీఎస్ అని నేరుగా అంకెలే వేయాలని సూచించింది. ఆ ముద్ర ఉన్న వస్తువు దొరికితే మీకు ఈ మెట్టుతో పనే లేదు. దొరకనప్పుడు కింది వరుసతో పోల్చుకోండి.

యూఎస్‌బీ 2.0, హై స్పీడ్: 480 మెగాబిట్లు.
యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1, సూపర్‌స్పీడ్: అన్నీ 5 గిగాబిట్లే.
యూఎస్‌బీ 3.1 జెన్ 2, 3.2 జెన్ 2, సూపర్‌స్పీడ్ ప్లస్: 10 గిగాబిట్లు.
యూఎస్‌బీ 3.2 జెన్ 2×2: 20 గిగాబిట్లు.
యూఎస్‌బీ4: 20 లేదా 40 గిగాబిట్లు, వెర్షన్ 2.0 అయితే 80 దాకా; ఎంతో విడిగా చూసుకోవాలి.

జెన్ అన్న మాట లేకుండా యూఎస్‌బీ 3.1 అనో 3.2 అనో ఊరికే రాసి ఉంటే, మరో ఆధారం దొరికేదాకా దాన్ని 5 గిగాబిట్లుగానే లెక్కపెట్టండి. ఎక్కువ వేగం ఉన్న వస్తువు చేసినవారు ఆ అంకెను దాచుకోరు.

మూడో మెట్టు: బిట్లను బైట్లలోకి మార్చుకోండి

జీబీపీఎస్ అంటే సెకనుకు గిగాబిట్లు; ఫైలు సైజు చెప్పే జీబీ అంటే గిగాబైట్లు. బైటుకు ఎనిమిది బిట్లు. ఆంగ్ల సంక్షిప్తంలో బి చిన్న అక్షరమైతే బిట్లు, పెద్ద అక్షరమైతే బైట్లు అని గుర్తు. ఎస్‌ఎస్‌డీ మీద సెకనుకు 1,000 ఎంబీ అనీ, కేబుల్ మీద 10 జీబీపీఎస్ అనీ రాసి ఉంటే ఆ రెండూ దాదాపు ఒకదానికొకటి సరిపోయినట్టే.

మార్గంలో పోయే ఖర్చులు తీసేస్తే, 480 మెగాబిట్ల దారిలో నిజంగా అందేది సెకనుకు 35 నుంచి 40 మెగాబైట్లు. 5 గిగాబిట్ల దారిలో 400 నుంచి 450 మెగాబైట్లు. 10 గిగాబిట్ల దారిలో సుమారు 1,000 మెగాబైట్లు. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన 50 జీబీల పెళ్లి వీడియోను ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించాలంటే మొదటి దారిలో ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది, రెండో దారిలో సుమారు రెండు నిమిషాలు. మామూలు పెన్‌డ్రైవ్‌లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాటిలో చాలావాటి లోపలి మెమరీయే నెమ్మది కాబట్టి, దారి ఎంత వెడల్పుగా ఉన్నా ఫలితం పెద్దగా మారదు.

నాలుగో మెట్టు: మీ పరికరం పోర్టు ఏమిటో ఖాయం చేసుకోండి

కేబుల్ ఎంత మంచిదైనా, పోర్టు ఇవ్వలేని వేగం రాదు. రాసి పెట్టుకున్న మోడల్ నంబరుతో తయారీదారు సైట్‌లోకి వెళ్లి, స్పెసిఫికేషన్స్ పేజీలో పోర్టుల వరుసను అక్షరం అక్షరం చదవండి. మధ్యరకం ధర ల్యాప్‌టాప్‌ల పేజీల్లో తరచుగా కనబడే ఒక వాక్యాన్ని ఇక్కడ తెలుగు అక్షరాల్లో చూపిస్తాను: "1 ఎక్స్ యూఎస్‌బీ 3.2 జెన్ 1 టైప్-సీ, డేటా ట్రాన్స్‌ఫర్ ఓన్లీ". మొదటి అంకె అలాంటి పోర్టులు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. 3.2 జెన్ 1 అంటే 5 గిగాబిట్లు. టైప్-సీ ఆకారం. అసలు సంగతంతా చివర ఉన్న ఓన్లీ అన్న మాటలో ఉంది: ఈ పోర్టుతో ల్యాప్‌టాప్ ఛార్జి కాదు, మానిటర్‌కు బొమ్మ వెళ్లదు. అదే స్థానంలో ఛార్జింగుకు సంబంధించిన పవర్ డెలివరీ, వీడియోకు సంబంధించిన డిస్‌ప్లేపోర్ట్ అన్న మాటలు ఉంటే ఆ రెండు పనులూ జరుగుతాయి. అసలు ఏమీ రాయకపోతే, అవి లేవనే అనుకుని ముందుకు వెళ్లడం క్షేమం.

ల్యాప్‌టాప్ పక్కన ఉండే పాత పలక ఆకారపు ఏ టైప్ పోర్టులైతే కొంత కంటితోనే తెలుస్తాయి. పోర్టు లోపలికి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి: యూఎస్‌బీ 2.0 అయితే లోపలి నాలుక మీద నాలుగే లోహపు పట్టీలు ఉంటాయి, 3.0, ఆ పైవాటిలో వాటితో పాటు నాలుక ముందు అంచు దగ్గర మరో అయిదు సన్నని కాంటాక్టులు కనబడతాయి. లోపలి నాలుక నీలం రంగులో ఉంటే అది 3.0 తరహా అని సూచన. కానీ ఆ రంగు సిఫారసు మాత్రమే, తప్పనిసరి కాదు. నల్ల నాలుకతో 10 గిగాబిట్లు ఇచ్చే పోర్టులూ ఉన్నాయి. రంగు కన్నా కాంటాక్టుల లెక్కను నమ్మండి.

20 గిగాబిట్ల ఎస్‌ఎస్‌డీ కొనాలనుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. 3.2 జెన్ 2×2కు 20 గిగాబిట్లు, యూఎస్‌బీ4కు 20 లేదా 40 అన్నప్పుడు, 40 గిగాబిట్ల పోర్టులో 20 గిగాబిట్ల ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగంతో నడుస్తుందనుకోవడం సహజం. జరిగేది వేరు. జెన్ 2×2 పద్ధతిని అమలు చేయడం యూఎస్‌బీ4 పరికరాలకు తప్పనిసరి కాదు; చాలా యూఎస్‌బీ4, థండర్‌బోల్ట్ (అతి వేగంగా డేటా పంపే మరో పద్ధతి, ఆరో మెట్టులో చెబుతాను) పోర్టుల్లో, ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో సైతం, అది లేదు. అలాంటి పోర్టుకు తగిలిస్తే 20 గిగాబిట్ల ఎస్‌ఎస్‌డీ 10 గిగాబిట్లకు పడిపోతుంది. పోర్టు వివరాల్లో 3.2 జెన్ 2×2 అన్న మాట స్పష్టంగా కనబడితే తప్ప ఆ రకానికి అదనంగా డబ్బు పెట్టకండి. 10 గిగాబిట్లదే తీసుకోండి. యూఎస్‌బీ4లో కూడా 20 గిగాబిట్ల వేగానికి సాంకేతికంగా జెన్ 2×2 అనే పేరు. పేరూ ఒకటే, అంకే ఒకటే అయినా, డేటాను పంపే పద్ధతులు వేరు.

అయిదో మెట్టు: వాట్ల లెక్క విడిగా వేయండి

ఛార్జర్ అడుగున సన్నని అక్షరాల్లో ముద్రించిన ఔట్‌పుట్ వరుసను చదవండి. మామూలు 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద ఇలా ఉంటుంది: 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 3 ఆంపియర్లు, 15 వోల్టులు 3 ఆంపియర్లు, 20 వోల్టులు 3.25 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి, చివరిది 65. ఇప్పుడు ఆ 3.25 అన్న అంకెను చూడండి. లోపల గుర్తింపు చిప్పు లేని సీ టైప్ కేబుల్‌లో 3 ఆంపియర్లకు మించి పంపరాదన్నది నియమం. ఈ-మార్కర్ అనే ఆ చిప్పు ఉన్న కేబుల్ అయితేనే 5 ఆంపియర్ల దాకా వెళ్తుంది. కాబట్టి 65 వాట్ల ఛార్జర్‌కు మామూలు కేబుల్ తగిలిస్తే ల్యాప్‌టాప్‌కు 60 వాట్లే అందుతాయి. 100 వాట్ల ఛార్జర్‌తో అయితే ఈ తేడా బాగా కనబడుతుంది.

ఇప్పుడు ప్రమాణం ప్రకారం సీ టైప్ కేబుళ్లకు ఉన్నవి రెండే తరగతులు: 60 వాట్లు, 240 వాట్లు. 2021లో పవర్ డెలివరీ 3.1 వచ్చి గరిష్ఠాన్ని 48 వోల్టులకు, అంటే 240 వాట్లకు పెంచక ముందు 100 వాట్ల కేబుళ్లు ఉండేవి. అవి ఇంకా దుకాణాల్లో దొరుకుతున్నాయి, 100 వాట్ల దాకా నిక్షేపంగా వాడుకోవచ్చు. చాలా ఫోన్లకు 60 వాట్లది చాలు, ల్యాప్‌టాప్‌కు 240 వాట్లది తీసుకోండి.

ఫోన్ల విషయంలో మరో పేర్ల గుంపు ఎదురవుతుంది. ఫాస్ట్ ఛార్జింగ్ అన్నది ప్రమాణం పేరు కాదు, ఎవరైనా ఎంతకైనా వాడుకోగల మామూలు మాట. క్విక్ ఛార్జ్ క్వాల్‌కామ్ సంస్థది; సూపర్‌వూక్, హైపర్‌ఛార్జ్, ఫ్లాష్‌ఛార్జ్ ఆయా ఫోన్ కంపెనీల సొంత పద్ధతులు; పవర్ డెలివరీ అందరికీ ఉమ్మడిది. సొంత పద్ధతి ఫోన్‌ను ఉమ్మడి ఛార్జర్‌కు తగిలిస్తే ఛార్జి అవుతుంది గానీ, డబ్బా మీద రాసిన 80, 120 వాట్లు అందకపోవచ్చు. శాంసంగ్ ఫోన్లలో సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్‌కు పవర్ డెలివరీలోని పీపీఎస్ అనే అంశం కావాలి. 45 వాట్ల రకానికి దానితో పాటు 5 ఆంపియర్ల కేబుల్ కూడా కావాలి. ఛార్జర్ కొనేటప్పుడు మీ ఫోన్ ఏ పేరును అడుగుతోందో దాన్నే ఛార్జర్ ఔట్‌పుట్ వరుసలో వెతకండి.

ఒక కొసన ఏ టైప్, మరో కొసన సీ టైప్ ఉన్న కేబుళ్ల దగ్గర మాత్రం ధర చూసి మోసపోవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడ పోయేది వేగం కాదు, వస్తువు. ఆ కేబుల్‌లో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఎంత కరెంటు లాగవచ్చో ఫోన్ దాన్ని చూసే నిర్ణయించుకుంటుంది. తొలి రోజుల్లో చాలామంది తయారీదారులు దాని స్థానంలో 10 కిలో ఓమ్‌లది పెట్టారు. అది చూసిన ఫోన్ 3 ఆంపియర్లు లాగవచ్చని అపోహ పడి, అంత ఇవ్వలేని పాత ఛార్జర్ మీదో కంప్యూటర్ పోర్టు మీదో భారం వేసేది. గూగుల్ ఇంజినీరు బెన్సన్ ల్యూంగ్ 2015 చివరి నుంచి అమెజాన్‌లో అమ్మే సీ టైప్ కేబుళ్లను ఒక్కొక్కటే కొని పరీక్షించి సమీక్షలు రాశారు. 2016 ఫిబ్రవరిలో తీగలే తారుమారుగా కలిపిన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌ను, పరీక్ష పరికరాలను పాడుచేసింది. ఆ తర్వాతి నెలలోనే, ప్రమాణానికి తగని సీ టైప్ కేబుళ్ల అమ్మకాన్ని అమెజాన్ నిషేధించింది. ఒక వినియోగదారు ఓపికగా చేసిన పని ఇంత ఫలితం ఇవ్వడం అరుదు.

ఆరో మెట్టు: మానిటర్ కావాలంటే వీడియో సంగతి విడిగా అడగండి

సీ టైప్ పోర్టు నుంచి బొమ్మ వెళ్లాలంటే ఆ పోర్టులో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సౌకర్యం ఉండాలి, కేబుల్‌లో వేగవంతమైన తీగల జతలు ఉండాలి. ఛార్జర్‌తో వచ్చిన కేబుల్ ఈ పనికి సాధారణంగా పనికిరాదు. మానిటర్‌తో పాటు ఇచ్చిన కేబుల్‌ను మాత్రమే వాడండి. అది పోతే వీడియో పంపుతుందని స్పష్టంగా రాసినదాన్ని, లేదా 40 గిగాబిట్లదాన్ని కొనండి.

థండర్‌బోల్ట్ పేరును ఆపిల్ వారి లైట్నింగ్‌తో కలిపేసుకోకండి. లైట్నింగ్ 2012లో ఐఫోన్ 5తో వచ్చిన సన్నని పిన్ను. థండర్‌బోల్ట్ అతి వేగంగా డేటాను, వీడియోను పంపే పద్ధతి. దాని మొదటి రెండు తరాలు మినీ డిస్‌ప్లేపోర్ట్ ఆకారంలో ఉండేవి. 2015లో వచ్చిన మూడో తరం నుంచి సీ టైప్ ఆకారానికి మారింది. థండర్‌బోల్ట్ 3, 4 రెండింటికీ గరిష్ఠ వేగం 40 గిగాబిట్లే. పోర్టు పక్కన మెరుపు బాణం గుర్తు ఉంటే థండర్‌బోల్ట్ అనీ, బ్యాటరీ బొమ్మ ఉంటే ఛార్జింగుకు సంబంధించినదనీ గ్రహించండి. రెండు మీటర్ల పొడవున్న థండర్‌బోల్ట్ 3 కేబుల్‌ను తక్కువ ధరకు ఎవరైనా ఇస్తామన్నా తొందరపడకండి. సంకేతాన్ని బలపరిచే చిప్పులు లోపల ఉన్న ఆ పొడవాటి యాక్టివ్ రకాల్లో చాలావాటికి మామూలు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే వేగం 480 మెగాబిట్లకు దిగిపోతుంది.

ఏడో మెట్టు: ఎస్‌ఎస్‌డీని పెట్టెలో బిగించుకునేవారు ఎం.2 పేరునూ విడదీయాలి

ల్యాప్‌టాప్ నుంచి తీసిన ఎస్‌ఎస్‌డీని బయటి పెట్టెలో బిగించి వాడుకునేవారికి ఇదే చిక్కు మరో పేరుతో వస్తుంది. ఎం.2 కూడా ఆకారమే. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఆ ఆకారంలో డేటా పంపే పాత పద్ధతి అయిన సాటా రకమూ ఉంది, కొత్త పద్ధతి అయిన ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. సాటా రకం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ రకం 3,500 మెగాబైట్లను కూడా దాటుతుంది. సాటాకే పరిమితమైన పెట్టెలో ఎన్‌వీఎంఈ పనిచేయదు. రెండూ పడతాయని రాసిన పెట్టె కాస్త ఖరీదైనా అదే మేలు. సాటాలోనూ అంకెల తికమక ఉంది: సాటా 3 అంటే 6 గిగాబిట్లది, సాటా 3 గిగాబిట్లు అని రాస్తే అది రెండో తరం.

ఎనిమిదో మెట్టు: కొనేచోట ఏం అడగాలో ముందే నిర్ణయించుకోండి

సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అయినా మీ ఊరి మొబైల్ దుకాణంలో అయినా, మంచి సీ టైప్ కేబుల్ ఇవ్వండి అని అడిగితే ఛార్జింగు కేబులే చేతికి వస్తుంది, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. డేటాకు 10 గిగాబిట్లు, కరెంటుకు 100 వాట్లు, మానిటర్‌కు పనికిరావాలి అని అంకెలతో అడగండి. ఆన్‌లైన్‌లో అయితే శీర్షికను నమ్మకుండా కిందికి వెళ్లి డేటా ట్రాన్స్‌ఫర్ రేట్ అన్న వరుసను చూడండి. అక్కడ 480 ఎంబీపీఎస్ అని ఉంటే శీర్షికలో ఎన్ని విశేషణాలున్నా అది ఛార్జింగు కేబులే. ఆ వరుసే లేకపోతే ఆ వస్తువును వదిలేయండి.

పొడవు కూడా మంచి ఆధారం. సంకేతాన్ని బలపరిచే చిప్పులు లేని మామూలు తీగల్లో 40 గిగాబిట్లు సుమారు 0.8 మీటరు వరకే సాధ్యం. 10 గిగాబిట్లకు ఒక మీటరు, 5 గిగాబిట్లకు రెండు మీటర్లు. మూడు మీటర్ల సన్నని కేబుల్ మీద 10 గిగాబిట్లు అని రాసి, ధర రెండు మూడు వందలే ఉంటే ఆ రాతను నమ్మనక్కర్లేదు.

ప్రభుత్వ నియమాల మీద కూడా అతిగా ఆశ పెట్టుకోవద్దు. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లకు సీ టైప్ తప్పనిసరి అయింది. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023లో సీ టైప్‌కు ప్రమాణాన్ని ప్రకటించింది. ఇంట్లో నాలుగు రకాల ఛార్జర్ల అవసరాన్ని తగ్గించే మంచి పనులివి. అయితే ఆకారం ఒకటైనంత మాత్రాన డేటా వేగం ఒకటి కాదు. పైగా పిన్ను తేడాతోనైనా తెలిసే పాత తేడాలు ఇప్పుడు కంటికి కనబడకుండా పోయాయి.

తొమ్మిదో మెట్టు: వాపసు గడువు లోపలే పరీక్షించండి

కేబుల్ ఇంటికి రాగానే, వేగవంతమైనదని మీకు తెలిసిన ఎస్‌ఎస్‌డీని దానితో తగిలించి, పది జీబీలకు తగ్గని ఒకే పెద్ద ఫైలును కాపీ చేయండి. చిన్న ఫొటోలు వేలకొద్దీ కాపీ చేస్తే ఏ కేబుల్ అయినా నెమ్మదిగానే కనబడుతుంది. విండోస్‌లో కాపీ జరుగుతున్నప్పుడు మోర్ డీటెయిల్స్ నొక్కితే వేగం గీత కనబడుతుంది. మొదటి కొన్ని సెకన్లు వదిలేసి, గీత నిలకడగా ఉన్నచోటి అంకెను మూడో మెట్టులోని లెక్కతో పోల్చండి. సెకనుకు 40 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే దారిలో ఎక్కడో 480 మెగాబిట్లది ఉన్నట్టే. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి యూఎస్‌బీ విభాగంలో ఆ పరికరం మీద నొక్కితే ఎంత వేగంతో కలిసిందో చూపిస్తుంది. లైనక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశానికి మైనస్ టీ చేర్చి ఇస్తే ప్రతి పరికరం పక్కన 480, 5000, 10000 అని మెగాబిట్ల అంకె వస్తుంది.

వేగం తక్కువగా వస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి. ముందు పోర్టు మార్చి చూడండి, తర్వాత కేబుల్ మార్చండి, మధ్యలో హబ్ ఉంటే దాన్ని తీసేసి నేరుగా తగిలించండి. మూడూ మార్చినా అంకె కదలకపోతే లోపం ఎస్‌ఎస్‌డీలోనో దాని పెట్టెలోనో ఉంది. కేబుల్ మార్చగానే అంకె పెరిగితే, తెర మీది అంకెను ఫొటో తీసి, డబ్బా మీది రాతతో పాటు అమ్మినవారికి పంపి వాపసు అడగండి. రాసిన వేగం రాలేదని చూపించడానికి ఆ రెండు ఫొటోలు చాలు.

పరీక్షలో నెగ్గిన కేబుల్ కొసకు చిన్న కాగితపు పట్టీ చుట్టి దాని మీద రెండే అంకెలు రాయండి: గిగాబిట్లు, వాట్లు. ఇంట్లో పాత కేబుళ్లకు కూడా ఒక ఆదివారం ఇదే పరీక్ష చేసి పట్టీలు కట్టండి. ఏ అంకె రాయాలో తేలనివాటిని ఫోన్ ఛార్జింగుకు కేటాయించి, డేటా కేబుళ్లకు దూరంగా వేరే డబ్బాలో వేయండి.